ఖాళీ జాగాలో చిట్టడవి: కాలనీవాళ్లు, కొత్త వాలంటీర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పిచ్చిమొక్కలు, సిమెంటు పెళ్లలు, ప్లాస్టిక్ కవర్లు నిండిన ఖాళీ జాగాల్ని చిన్న అడవులుగా మార్చే పనిలో ఉన్నవాళ్లం రాస్తున్న పేజీ ఇది. ఆదివారం పనికి వచ్చే కొత్తవాళ్లూ, పక్క కాలనీల సంఘాలవాళ్లూ మళ్లీమళ్లీ అడిగేవి ఇక్కడ పెట్టాం. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క మాట.

మీరు చేసేది పార్కే కదా, అడవి అంటారేంటి?

పార్కులో లాన్ ఉంటుంది, టైల్స్ ఉంటాయి, వరసగా కత్తిరించిన మొక్కలుంటాయి, వాటికి జీవితాంతం నీళ్లు పెట్టాలి, కత్తిరిస్తూనే ఉండాలి. మేం వేసే దాంట్లో పొదలు, చిన్న చెట్లు, పెద్ద చెట్లు, తీగలు అన్నీ కలిసి పెరుగుతాయి, రాలిన ఆకు అక్కడే కుళ్లి ఎరువవుతుంది, మూడు ఎండాకాలాలు గట్టెక్కించామంటే ఆ తర్వాత దాదాపు మన చేయి లేకుండానే బతుకుతుంది. ఆ మూడు ఎండాకాలాలే అసలు పని. మొక్క నాటడం ఒక్క పూటలో అయిపోతుంది, దానికి బోలెడంతమంది వస్తారు. ఏప్రిల్ ఎండల్లో పైపు పట్టుకుని నిలబడేవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టే అక్కడ అడవి వస్తుందో రాదో తేలిపోతుంది.

మా కాలనీలో జాగా ఎప్పటినుంచో ఖాళీగా ఉంది. వచ్చి నాటేయొచ్చా?

ఆగండి. ముందు అది ఎవరిదో తెలుసుకోండి. ఖాళీగా కనిపించే ప్రతి జాగాకీ ఒక యజమాని ఉంటాడు, చాలాసార్లు ఒక కేసు కూడా ఉంటుంది. అందరికంటే తేలిక దారి, లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం వదిలిన స్థలం. లేఅవుట్ ప్లాన్ కాపీ తెచ్చుకుని, అందులో పార్కు అని రాసిన ముక్క నేల మీద ఎక్కడుందో కొలిపించండి. ప్లాన్‌లో ఉన్నంత జాగా నేల మీద లేకపోతే ఎవరో జరిగి కూర్చున్నారని అర్థం. అలాంటి ఆక్రమణల మీద ఫిర్యాదు చెయ్యడానికి జీహెచ్ఎంసీతో పాటు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కూడా ఉంది. ఆ గొడవ తేలకముందే మొక్కలు మాత్రం పెట్టకండి, రాత్రికి రాత్రి పీకేసినా మీ తరఫున చూపడానికి కాగితం ఉండదు.

చెరువు గట్టు పక్కన జాగా అయితే నీటిపారుదల శాఖవాళ్లనూ అడగాలి. ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే చోట, మట్టి పోసి ఎత్తు చేసి అడవి పెంచుతామంటే అది చెరువును పూడ్చడమే, మేం దానికి రాము. హైటెన్షన్ లైన్ల కింద జాగా ఉంటే పొదలే వెయ్యాలి, చెట్లు పెంచితే కరెంటువాళ్లు వచ్చి నరికేస్తారు, తప్పు వాళ్లది కాదు కూడా.

ప్రైవేటు ప్లాట్లు వద్దు. యజమాని మంచివాడే కావచ్చు, రేపు పిల్ల పెళ్లికి అమ్ముకోవాల్సి వస్తే ఎదిగిన చెట్లతో ఆయనకూ తలనొప్పే, మనకూ కడుపు తరుక్కుపోతుంది.

అనుమతి ఎవరిస్తారు?

జీహెచ్ఎంసీ స్థలం అయితే సర్కిల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, అర్బన్ బయోడైవర్సిటీ విభాగాన్ని కలవండి. కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద, సర్వసభ్య సమావేశం తీర్మానం జతచేసి ఇస్తే పని తొందరగా కదులుతుంది. నోటిమాట అనుమతి అనుమతి కాదు. అధికారి బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. ఇతర పురపాలికల్లో అయితే 2019 మున్సిపాలిటీల చట్టం పట్టుకుని అడగండి, అందులో పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని ఉంది.

ఇది మియావాకీ పద్ధతేనా?

చాలావరకు. అకిరా మియావాకీ జపాన్ వృక్షశాస్త్రవేత్త, 2021లో పోయారు. ఆయన చూసిందేమిటంటే, జపాన్‌లో చాలాచోట్ల అసలైన పాత అడవి మాయమైపోయినా గుళ్ల చుట్టూ ఉన్న వనాల్లో మాత్రం ఆ నేలకు సహజంగా చెందిన చెట్లు మిగిలాయి. మన దగ్గరా ఊరి పొలిమేరలో అమ్మవారి గుడి చుట్టూ ఉన్న చెట్టు కొమ్మ విరవడానికి ఎవరూ సాహసించరు కదా, అదే సంగతి. ఆ నేలలో ఉండాల్సిన జాతులేవో కనిపెట్టి, నేలను లోతుగా గుల్లచేసి, రకరకాల ఎత్తులకు పెరిగే మొక్కల్ని చాలా దగ్గరదగ్గరగా నాటి, రెండు మూడేళ్లు కలుపు తీసి నీళ్లు పెడితే అవి వెలుతురు కోసం పోటీపడి పైకి లేస్తాయన్నది ఆయన పద్ధతి. బెంగళూరు దగ్గర బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలో ఇలా నాటినప్పుడు అక్కడ ఇంజనీరుగా ఉన్న శుభేందు శర్మ అది చూసి, ఉద్యోగం వదిలి, 2011లో అఫారెస్ట్ సంస్థ పెట్టారు. మన దేశంలో ఈ మాట ఇంతగా పాకడానికి అది పెద్ద కారణం. తెలంగాణ అటవీ శాఖ దీన్నే తక్కువ ఖర్చుతో మార్చుకుని యాదాద్రి పద్ధతి అని పేరు పెట్టింది.

అయితే మక్కీకి మక్కీ దింపొద్దు. పుస్తకం ప్రకారం చదరపు మీటరుకు మూడు మొక్కలు, అంటే గుంట జాగాకి, సుమారు వంద చదరపు మీటర్లకి, దాదాపు 300. జపాన్‌లో పడే వాన వేరు, హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, అదీ జూన్ నుంచి అక్టోబరు లోపే, మిగతా నెలలు నేల పగుళ్లే. అందుకని మేం చదరపు మీటరుకు రెండు దాటం, మధ్యలో పొదలకూ గడ్డికీ చోటు వదులుతాం. పదిరెట్లు వేగంగా పెరుగుతుంది, ముప్పైరెట్లు దట్టం అని పోస్టర్ల మీద వేసుకునే అంకెల్ని మేం వాడం, మా జాగాలో మేం కొలిచి చూసినవి కావు.

ఏ మొక్కలు పెడతారు?

దక్కన్ నేల మీద, ఎర్రచెలకలో, రాళ్ల మధ్య తమంతట తాము పెరిగేవి. పెద్ద చెట్లలో రావి, మేడి, జువ్వి, నెమలినార, నేరేడు, ఇప్ప, బూరుగు, తెల్లమద్ది. రావి, మర్రి లాంటివి ఒకటో రెండో చాలు, అదీ గోడలకీ డ్రైనేజీ పైపులకీ దూరంగా. మధ్య ఎత్తులో వేప, కానుగ, మోదుగ, రేల, మారేడు, తునికి, ఉడుగ, అంకుడు. కింద పొదల్లో తంగేడు, వావిలి, వాక్కాయ, పరికి. చుట్టూ అంచుకి తంగేడు, వావిలి వేస్తే ఇంకో లాభం, పశువులూ మేకలూ వాటి జోలికి పెద్దగా రావు, కంచె ఖర్చు కొంత తగ్గుతుంది.

జమ్మి తప్పకుండా పెడతాం. తెలంగాణ రాష్ట్ర వృక్షం అని చెప్పి ఊరుకోవడానికి కాదు, ఎంత కరువొచ్చినా తట్టుకునే చెట్టు అది, పైగా దసరా నాడు కాలనీ అంతా ఆకు కోసం అక్కడికే వస్తారు. ఆ ఒక్కరోజు వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ ఆదివారం పనికి వస్తుంటారు. ఆ రోజు కొమ్మలు విరవకుండా ఆకు మాత్రం తెంపమని చెప్పడానికి ఒకరిని నిలబెట్టండి.

కలుపు తీసేటప్పుడు గునుగు పీకకండి. కొత్త వాలంటీర్లు ప్రతిసారీ దాన్నే ముందు పీకుతారు, చూడ్డానికి పిచ్చిమొక్కలాగే ఉంటుంది మరి. వానలు తగ్గేసరికి తెల్లగా, చివర గులాబీ రంగు తేలిన కంకులు వేస్తుంది, బతుకమ్మకి తంగేడు, గునుగు రెండూ కావాలి. బజార్లో కట్టలు కట్టి అమ్మే ఆ పూలు మన జాగాలోనే పూస్తే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని వచ్చి కోసుకుంటారు, వాచ్‌మన్ అక్కర్లేకుండానే ఆ జాగా మీద పది కళ్లు ఉంటాయి.

పీకాల్సింది వయ్యారిభామ. పూత రాకముందే, వేరుతో సహా, చేతికి గ్లౌజు వేసుకుని. చాలామందికి దానివల్ల చర్మం దద్దుర్లు వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పనికి అసలు రావద్దు.

గుల్మొహర్ ఎంత అందంగా ఉంటుంది, ఎందుకు వద్దంటారు? కోనోకార్పస్ అయితే ఏడాదిలో గోడకట్టినట్టు పెరుగుతుంది కదా?

గుల్మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చింది, కొమ్మ పెళుసు, గాలివానకి కార్ల మీద పడేది ఎక్కువగా అదే. ఇప్పటికే ఉన్న చెట్టును కొట్టెయ్యమనం, కొత్తగా మాత్రం పెట్టం.

కోనోకార్పస్ సంగతి వేరు, అది గట్టిగా వద్దు. హరితహారం రోజుల్లో డివైడర్ల మీద విరివిగా నాటారు, తర్వాత ప్రభుత్వమే ఆపమంది. గుజరాత్ 2023లో నిషేధించింది. పుప్పొడితో అలర్జీల ఫిర్యాదులు, వేర్లు పైపుల్లోకి దూరతాయన్న ఫిర్యాదులు ఒకెత్తు. మాకు ఇంకోటి ముఖ్యం, దాని మీద మన పురుగులు, పిట్టలు పెద్దగా బతకవు. పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి అయిపోదు. మారేడు, నిమ్మ ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక ఉంది, రేల ఆకు తిని పెరిగే పసుపు రెక్కలది ఉంది, జిల్లేడు మీద పెరిగేది ఉంది. ఆ గొంగళిపురుగులు ఉంటేనే పిట్ట తన పిల్లలకి మేత పెట్టగలదు. ఆకులకి చిల్లులు పడ్డాయి, మందు కొట్టమంటారా అని చాలామంది టెన్షన్ పడి ఫోటోలు పంపుతారు. కొట్టకండి, మనకి కావాల్సిందే అది.

నేలంతా మొరం, సిమెంటు పెళ్లలు. ఇందులో ఏం పెరుగుతుంది?

పెరుగుతుంది, కాని సగం ఖర్చు ఇక్కడే. ముందు శిథిలాలు ఎత్తించాలి. జీడిమెట్ల, ఫతుల్లాగూడలో భవన శిథిలాల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చే ప్లాంట్లున్నాయి, జీహెచ్ఎంసీకి చెప్పి అక్కడికి పంపించండి, పక్క నాలాలోకి తోసెయ్యకండి. తర్వాత జేసీబీతో మీటరు లోతు వరకు గుల్ల చేసి, పశువుల ఎరువు, కొబ్బరి పీచు, వరి ఊక కలిపి మళ్లీ నింపాలి. నేల గట్టిగా ఉందో లేదో చూడ్డానికి పరికరాలు అక్కర్లేదు. మోకాలి లోతు గుంట తీసి, బకెట్ నీళ్లు పోసి చూడండి, గంటలో ఇంకకపోతే ఇంకా లోతుగా గుల్ల చెయ్యాలి.

జీవామృతం కూడా వాడతాం. రెండు వందల లీటర్ల డ్రమ్ములో పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, చెట్టు కింద నుంచి తీసిన గుప్పెడు మట్టి వేసి, నీళ్లు నింపి, నీడలో పెట్టి రోజూ ఉదయం సాయంత్రం కర్రతో కలిపితే రెండు మూడు రోజుల్లో తయారవుతుంది. కాలనీ పిల్లలకి ఈ పని బాగా నచ్చుతుంది, వాళ్ల అమ్మలకి వాసన నచ్చదు, రెండూ ముందే తెలిసి ఉండండి.

ఎప్పుడు నాటాలి, ఎలా నాటాలి?

మృగశిరకి నేల సిద్ధంగా ఉండాలి, ఆరుద్రలో నాలుగు మంచి వానలు పడ్డాక నాటాలి. పుష్యమి దాటితే వద్దనే అంటాం, వేరు పట్టే లోపు వానలు వెళ్లిపోతాయి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం కాబట్టి ఆరోజే నాటుతామని అడుగుతారు. ఆ రోజుకి మన దగ్గర ఇంకా రోహిణి కార్తె ఎండలే, ఆరోజు గుంటలు తీయండి.

నాటడంలో అందరూ తొందరపడేది ప్లాస్టిక్ సంచి దగ్గర. సంచిని చింపి లాగితే మట్టిగడ్డ విడిపోయి సన్నవేళ్లు తెగుతాయి. బ్లేడుతో పక్క నుంచి నిలువుగా ఒక గీత కొయ్యండి, అడుగున చూడండి, మొక్క నర్సరీలో ఎక్కువకాలం ఉండిపోతే వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టను అలాగే పాతితే చెట్టు ఎదిగాక కూడా ఆ చుట్ట అలాగే బిగుసుకుంటుంది, నాలుగేళ్ల తర్వాత ఒక గాలివానకి పడిపోతుంది. చుట్టుకున్న ఆ కొసను కత్తిరించి, మట్టిగడ్డను రెండు అరచేతుల మీద దింపి, కాండం ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టి, చుట్టూ మట్టి వేసి మడమతో మెల్లగా తొక్కండి. వెదురు పుల్ల పాతి గోనె పురితో వదులుగా కట్టండి, ప్లాస్టిక్ తాడు వద్దు, కాండంలోకి కోసుకుపోతుంది. చివరికి వరిగడ్డి బెత్తెడు మందాన పరవాలి, కాండానికి తగలకుండా. చెదలు వస్తాయనుకుంటే గడ్డి కింద కాస్త వేపపిండి చల్లండి.

ఖాళీ సంచులన్నీ ఏరి లెక్కపెట్టి వెనక్కి తేవాలి. ఇది మాకు పట్టుదలగా ఉన్న విషయం.

నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

ఇదొక్కటే తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దు. గుంట జాగాలో రెండొందల మొక్కలనుకుంటే, మొక్కకి ఐదు లీటర్ల చొప్పున ఒక్క తడికి వెయ్యి లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ ఐదు గుంటలకి వస్తుంది. ఎండాకాలంలో వారానికి రెండు తడులు పెట్టాలి, ఇక మీ జాగా ఎన్ని గుంటలో చూసి లెక్క వేసుకోండి. మార్చి వచ్చేసరికి బోర్లు ఎండిపోయి, జనం తాగడానికే ట్యాంకర్లు బుక్ చేసుకునే కాలనీల్లో మొక్కలకి మంచినీళ్ల ట్యాంకర్ తెప్పిస్తే గొడవ అవుతుంది, అవ్వాలి కూడా. అపార్టుమెంట్లలో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటే ఆ నీళ్లు అడగండి, చాలాచోట్ల డ్రైనేజీలోకి వదిలేస్తున్నారు. డ్రిప్ వేసుకోగలిగితే మంచిది. వాన నీరు జాగాలోనే ఆగేలా వాలుకి అడ్డంగా చిన్న కట్టలు, కందకాలు మొదట్లోనే తీయించండి.

ఎంత ఖర్చవుతుంది?

జాగాని బట్టి. జేసీబీ గంటల లెక్క, ఎరువు, కంచె, నీళ్లు, ఒక మాలికి జీతం. మొక్కలు అన్నిటికంటే చవక, ప్రభుత్వ నర్సరీల్లో అడిగితే దొరుకుతాయి. కాని ఇప్ప, తునికి, ఉడుగ లాంటివి నర్సరీల్లో అరుదు, విత్తనం తెచ్చి మనమే నారు పోసుకోవాల్సి వస్తుంది, దానికి ఏడాది ముందునుంచే పని మొదలవ్వాలి. చందాలు వసూలు చేసేటప్పుడు మొదటి ఏడాదికే కాకుండా మూడేళ్ల మాలి జీతానికి సరిపడా ఉన్నాయా చూడండి. లేకపోతే జాగా సగానికి తగ్గించండి, మొక్కల సంఖ్య తగ్గించండి, మాలిని మాత్రం తగ్గించకండి.

కంపెనీవాళ్లు వేల మొక్కలు ఒకేరోజు నాటిస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?

మూడేళ్ల నిర్వహణ ఖర్చు రాసిస్తే ఒప్పుకోండి. టీషర్టులు, బ్యానరు, డ్రోను వీడియో మాత్రమే ఇస్తామంటే వద్దని మర్యాదగా చెప్పండి.

పాములు రావా? దోమలు?

పాములు చెత్తకుప్ప ఉన్నప్పుడూ వచ్చేవి, ఎలుకల కోసం. చిట్టడవిలోనూ ఉంటాయి. నగరంలో తరచుగా కనిపించేవాటిలో జెర్రిపోతు ఒకటి, అది విషం లేనిది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా ఉన్నాయి కాబట్టి బూట్లు లేకుండా లోపలికి రావద్దు, చేతులు పెట్టే ముందు కర్రతో కదపండి, చీకటి పడ్డాక పని వద్దు. పాము కనిపిస్తే చంపకండి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవాళ్లు 1995 నుంచి నగరంలో ఈ పనే చేస్తున్నారు, పిలవండి. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కదలకుండా ఉంచి వెంటనే యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దోమలు ఆకుల్లో పుట్టవు, నిలిచిన నీళ్లలో పుడతాయి. టైర్లు, కొబ్బరిచిప్పలు, టీ కప్పులు ఏరెయ్యండి.

రాలిన ఆకులు ఊడ్చి కాల్చెయ్యొచ్చా?

వద్దు. అడవికి అదే తిండి. పైగా 2016లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా చెత్త బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించింది. ఎండాకాలంలో ఒక్క బీడీ ముక్క చాలు అంతా అంటుకోవడానికి, అందుకని చుట్టూ రెండు అడుగుల వెడల్పున నేల శుభ్రంగా చెక్కి ఉంచుతాం. శుభ్రం చేసే అమ్మలకి ఈ విషయం దగ్గరుండి చెప్పాలి. వాళ్లకి ఆకులు కనిపిస్తే ఊడ్చకపోతే తిట్లు పడతాయన్న భయం, ఆ భయం పోగొట్టే బాధ్యత సూపర్‌వైజర్‌తో మాట్లాడగలిగిన మనదే.

ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అడవి పెంచేయాలా?

లేదు. ఈ మాట చెప్పినప్పుడు మావాళ్లలోనే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్తాం. హైదరాబాద్ చుట్టూ ఉన్న గుండ్రాళ్ల గుట్టలు, వాటి మధ్య గడ్డి, ముళ్లపొదలు ఖాళీ జాగాలు కావు, అవి అప్పటికే పూర్తిగా బతికున్న చోట్లు. బల్లులు, తేళ్లు, నేలమీద గూడుపెట్టే పిట్టలు అక్కడ ఉంటాయి. దాన్ని జేసీబీతో గుల్లచేసి మూడువందల మొక్కలు కుక్కితే ఒకదాన్ని చంపి ఇంకొకటి పెట్టినట్టు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో యూనివర్సిటీ పక్కన నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు చూశాం కదా, కాగితాల్లో ఖాళీ భూమి అన్నదాంట్లో జింకలు, నెమళ్లు ఉన్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనేసరికే చాలా చెట్లు పోయాయి. ఉన్నదాన్ని కాపాడటానికి పది మంది కావాలి, పోయినదాన్ని మళ్లీ పెంచడానికి వంద మంది ఇరవై ఏళ్లు కావాలి.

ఇంత చేశాక రోడ్డుకో బిల్డింగుకో తీసుకుంటే?

ఆ భయం నిజమే. నీరు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, కాని అనుమతులు దొరుకుతూనే ఉంటాయి. మాకు కనిపించిన రక్షణ రెండు రకాలు. ఒకటి కాగితం, అంటే లేఅవుట్ ప్లాన్, తీర్మానం, ఏటా తీసిన ఫోటోలు, పిట్టల జాబితా. రెండోది జనం. గురుగ్రామ్‌లో 150 హెక్టార్లకు పైగా ఉన్న పాత గని ప్రాంతాన్ని 2010 నుంచి ఊరివాళ్లూ ఐయామ్ గుడ్‌గావ్ అనే పౌర సంస్థా కలిసి ఆరావళి చెట్లతో నింపారు. 2022 ఫిబ్రవరి 2న దేశంలో మొదటి ఓఈసీఎం గుర్తింపు దానికే వచ్చింది, అంటే అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న ప్రాంతమని అర్థం. అక్కడ వేలమంది నడకకి వెళ్తారు. రోజూ నడిచేవాళ్లు ఉన్న చోట ఏ ప్రొక్లెయినర్ వచ్చినా అరగంటలో కబురు తెలిసిపోతుంది.

నాకు మొక్కల గురించి ఏమీ తెలియదు. రావచ్చా?

రండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు, టోపీ, సొంత నీళ్ల సీసా తెచ్చుకోండి, ప్లాస్టిక్ సీసా కొనుక్కురాకండి. చిన్నపిల్లలు అయితే పెద్దవాళ్లు తోడుండాలి. వంగలేని పెద్దవాళ్లకి విత్తనాలు వేరుచేయడం, సంచుల్లో మట్టి నింపడం, మొక్కల రిజిస్టర్ రాయడం లాంటి కూర్చుని చేసే పనులు చాలా ఉన్నాయి. ఊళ్లో వ్యవసాయం చేసి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు వస్తే మాకు పండగే, ఏ మొక్క ఏదో ఆకు నలిపి వాసన చూసి చెప్పేస్తారు. వానాకాలంలో ఎలాగూ చాలామంది ఉంటారు కాబట్టి, వీలైతే మీ పేరు మార్చి నుంచి మే వరకు నీళ్లు పెట్టే జాబితాలో రాయించండి. ఉదయం ఆరుకి మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది.